ఫిర్యాదుల పుస్తకంలో నా పేరు

(విశాఖపట్నం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల ముందు ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఆదివారం సాయంత్రం బీచ్‌కి వెళ్లే వేళ ఇంతమంది ఇక్కడికి వచ్చి కూర్చున్నారు. కొందరు పిల్లల్ని కూడా వెంటబెట్టుకొచ్చారు. వాళ్లు మధ్యలో లేచి అటూ ఇటూ తిరిగినా దయచేసి కసరకండి. నాకేమీ ఇబ్బంది లేదు.

నేను ఈ రోజు చెప్పబోయేది ఒకే ఒక్క అబ్బాయి గురించి. పేరు చెప్పను. ఇప్పుడు వాడికి పదిహేడేళ్లు. వాడి కథ వాడిది. ఏవి చెప్పొచ్చో, ఏవి చెప్పకూడదో మొన్న ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. రెండు విషయాలు వద్దన్నాడు. అవి వదిలేస్తాను. మిగతావి చెప్పమన్నాడు, నా గురించి కూడా దాచకుండా చెప్పమన్నాడు.

నా గురించి అంటే, నేను పద్నాలుగేళ్లు ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పాను. పొద్దున ఆరున్నరకి స్టడీ అవర్, రాత్రి తొమ్మిదిన్నరకి మళ్లీ స్టడీ అవర్. వారం వారం పరీక్ష, సోమవారం నోటీసు బోర్డు మీద ర్యాంకుల కాగితం. ఆ కాగితం అంటించగానే పిల్లలు గుమిగూడేవాళ్లు. కొందరు దగ్గరికి వచ్చేవాళ్లు కాదు, దూరం నుంచే స్నేహితుల ముఖాలు చూసి తమ ర్యాంకు ఎంతో తెలుసుకునేవాళ్లు. ఆ దూరంగా నిలబడ్డ పిల్లలు నాకు ఇప్పటికీ గుర్తొస్తారు. ఆరేళ్ల కిందట ఆ ఉద్యోగం మానేసి, భీమిలి దారిలో ఒక జీడిమామిడి తోటలో నడుస్తున్న చిన్న బడిలో చేరాను. నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి పెట్టుకున్న బడి. అప్పట్లో 33 మంది పిల్లలు, ఐదుగురు పెద్దలం.

అక్కడ గంట కొట్టరు. టైంటేబుల్ లేదు. ఆరేళ్ల పిల్ల, పదిహేనేళ్ల పిల్లవాడు ఒకే వరండాలో ఉంటారు. ఎవరైనా వచ్చి 'నాకు భిన్నాలు నేర్పండి' అని అడిగితే క్లాసు ఉంటుంది, అడగకపోతే లేదు. ప్రతి శనివారం పది గంటలకు సభ. బడికి సంబంధించిన ప్రతి నియమం, ప్రతి ఖర్చు అక్కడే తేలాలి. పిల్లలకైనా పెద్దలకైనా మనిషికి ఒక్క ఓటు. వరండా మేకుకి దారంతో కట్టిన ఒక లాంగ్ నోట్‌బుక్ వేలాడుతుంటుంది. అది ఫిర్యాదుల పుస్తకం. ఎవరి మీదైనా, ఎవరైనా అందులో రాయొచ్చు.

ఇది మేం కనిపెట్టిన పద్ధతి కాదు. ఎ.ఎస్.నీల్ 1921లో మొదలుపెట్టిన సమ్మర్‌హిల్ బడి ఇంగ్లండ్‌లో ఇప్పటికీ నడుస్తోంది. 1999లో అక్కడి ప్రభుత్వ తనిఖీ విభాగం ఆ బడిని తప్పుబట్టి, క్లాసులకు రావడం పిల్లల ఇష్టానికి వదిలేయకూడదన్న ధోరణిలో నోటీసు ఇస్తే, బడివాళ్లు న్యాయస్థానానికి వెళ్లారు. 2000లో ప్రభుత్వం రాజీకి వచ్చింది. ఆ రాజీకి ఒప్పుకోవాలా వద్దా అన్నది ఎవరు తేల్చారో తెలుసా? పిల్లలే. లండన్‌లో అదే కోర్టు హాల్లో సభ పెట్టుకుని, చర్చించి, ఓటు వేసి ఒప్పుకున్నారు. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్లో 1968లో మొదలైన సడ్‌బరీ వ్యాలీ బడి ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ వచ్చే ఏడాది ఏ పెద్దవాళ్లు బడిలో ఉండాలో కూడా ఏటా ఓటు వేసి నిర్ణయిస్తారు. మాస్టార్ల కొలువు పిల్లల ఓటు మీద ఆధారపడి ఉంటుందన్నమాట. మా బడిలో అంతవరకూ రాలేదు.

సరే, అబ్బాయి దగ్గరికి వస్తాను.

గాజువాక నుంచి వచ్చేవాడు. వాళ్ల నాన్నగారు పోర్టులో క్రేన్ ఆపరేటరు, అమ్మగారు ఇంట్లో మిషను కుడతారు. ఏడో తరగతి సగంలో బడి మాన్పించి మా దగ్గర చేర్పించారు. ఎందుకు మాన్పించారన్నది వాడు వద్దన్న రెండు విషయాల్లో ఒకటి.

మొదటి రోజు వాడు నా దగ్గరికి వచ్చి, "మేడం, మంచినీళ్లు తాగొచ్చా?" అన్నాడు. కుండ వాడి పక్కనే ఉంది. తాగు నాన్నా అన్నాను. కాసేపయ్యాక, "మేడం, అక్కడ కూర్చోవచ్చా?" ఇంకాసేపటికి, "మేడం, చెప్పులు విప్పొచ్చా?" సాయంత్రం లోపు ఇలా పదకొండు సార్లు అడిగాడు. అడిగిన ప్రతిసారీ చెయ్యి కట్టుకుని నా ముఖం చూసేవాడు. ప్రశ్న నోట్లో ఉండేది కానీ, కళ్లు మాత్రం నా కనుబొమ్మలు ఎటు కదులుతాయా అని వెతికేవి. నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకంటే ఆ చూపు నాకు కొత్త కాదు. పద్నాలుగేళ్లు నా క్లాసుల్లో ముందు బెంచీల్లో నేను చూసి మెచ్చుకున్న చూపు అదే. క్రమశిక్షణ గల పిల్లలు అనుకునేదాన్ని.

వారం తర్వాత అడగడం తగ్గింది. తగ్గి, ఏమీ చేయడం మానేశాడు. వేపచెట్టు కింద సిమెంటు బెంచీ మీద పడుకుని కాకుల్ని చూసేవాడు. పదిన్నరకు క్యారమ్స్ ఆడేవాడు. మళ్లీ బెంచీ. ఒక నెల, రెండు నెలలు, మూడు. వాళ్లమ్మగారు ప్రతి సాయంత్రం ఫోను చేసేవారు. "ఈ రోజు ఏం చెప్పారండీ?" "ఏమీ చెప్పలేదమ్మా, తను ఏమీ అడగలేదు." అటు కాసేపు మాట ఉండేది కాదు. ఆ నిశ్శబ్దం నాకు చాలా బరువుగా ఉండేది. ఒకరోజు వాళ్ల నాన్నగారే వచ్చారు. డ్యూటీ దిగి అటే వచ్చినట్టున్నారు, చొక్కా మీద బొగ్గు మసి కూడా పోలేదు. "మేడం, నేను మిమ్మల్ని నమ్మాను. కానీ ఆడు ఇంట్లో పడుకున్నట్టే ఇక్కడా పడుకుంటే తేడా ఏటండీ?" అన్నారు.

న్యాయమైన ప్రశ్న. అప్పుడు నా దగ్గర సరైన సమాధానం లేదు. ఇప్పుడు కొంత ఉంది. ఏడేళ్ల పాటు ప్రతి నలభై ఐదు నిమిషాలకూ ఇంకొకరు చెప్పింది చేసిన పిల్లవాడికి, చెప్పేవాళ్లు లేకపోయేసరికి తనకేం కావాలో తనకే తెలియలేదు. కాలు విరిగి కట్టు కట్టినప్పుడు కండ సన్నబడిపోతుంది కదా, కట్టు విప్పిన రోజే పరుగెత్తమంటే ఎలా? ఇలాంటి బళ్లలో పనిచేసే వాళ్లందరికీ ఈ ఖాళీ కాలం తెలుసు. ఎంతకాలమో ఎవరూ చెప్పలేరు. ఆ కాలంలో పెద్దవాళ్ల టెన్షనే ఎక్కువ. నేనెన్నిసార్లు వాడి పక్కన పుస్తకం పెట్టి వద్దామా అనుకున్నానో. రెండుసార్లు పెట్టాను కూడా. రెండుసార్లూ వాడు దాన్ని తలకింద పెట్టుకున్నాడు.

ఐదో నెలలో బడి వెనక గోడకి ఆనించి ఉన్న పాత సైకిలు వాడి కంటబడింది. పాలవాళ్లు తొక్కే పెద్ద సైకిలు, తుప్పు పట్టి ఉంది. దాన్ని విప్పడం మొదలుపెట్టాడు. పానాలు రెండే ఉన్నాయి. పెడల్ కాడని బిగించి ఉంచే కోటరు పిన్ను రాక ఒకరోజంతా రాయితో కొట్టాడు. నాలుగు రోజుల్లో సైకిలంతా వరండాలో పరిచిన పాత పేపర్ల మీదికి వచ్చేసింది. చైను, ఫ్రీవీలు, యాక్సిళ్లు, కప్పులు, వాటిలో తిరిగే ఉక్కు గోళీలు, నట్లు, వాషర్లు.

ఆ గురువారం మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి మబ్బు కమ్మింది. మన దగ్గర వాన ఎంతసేపట్లో వస్తుందో మీకు తెలుసు. వాడు పెద్దపిల్లలతో అన్నానికి వెళ్లాడు. జల్లు వరండాలోకి కొడుతోంది. నేను గబగబా ఆ సామానంతా ఎత్తి ఒక బకెట్‌లో వేసి లోపల పెట్టాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

వాడు తిరిగి వచ్చి బకెట్‌లోకి చూశాడు. ఏమీ అనలేదు. వెళ్లి మేకుకి వేలాడుతున్న పుస్తకం తీసి, నిలబడే రాశాడు. అందులో నా పేరు, తారీకు, ఆ కింద రెండు లైన్లు. 'నా సైకిలు సామాను అడగకుండా కలిపేశారు. నాకు నష్టం జరిగింది.' ఐదు నెలల్లో వాడు తనంతట తాను రాసిన మొదటి వాక్యాలు అవే.

శనివారం సభ. అధ్యక్ష స్థానంలో పదేళ్ల అమ్మాయి. నన్ను లేచి నిలబడమంది. నిలబడ్డాను. ఒక మాట నిజంగా చెబుతున్నాను, నాకు కోపం వచ్చింది. వాన నుంచి కాపాడితే కేసా అనుకున్నాను. అదే చెప్పాను కూడా, 'తడిస్తే తుప్పు పడుతుందని తీశాను' అని. అప్పుడు వాడు లేచాడు. మోకాళ్లు వణుకుతున్నాయి, నాకు కనిపిస్తోంది. ముందు నా ముఖం వైపు చూశాడు, అలవాటుగా. తర్వాత చూపు తిప్పి అధ్యక్షురాలి వైపు చూసి చెప్పాడు. "తియ్యడం తప్పు కాదు. నన్ను పిలవొచ్చు, నేను పది అడుగుల దూరంలోనే ఉన్నాను. నానవన్నీ వరసలో పెట్టుకున్నాను. ముందు చక్రం గోళీలు వేరు, వెనక చక్రం గోళీలు వేరు. ఇప్పుడు ఏవి ఏవో తెలీదు."

'నేను' అనడానికి 'నాను' అన్నాడు. పాత బడిలో ఆ యాస పలికితే క్లాసంతా నవ్వేవారని తర్వాత చెప్పాడు. సభలో ఎవరూ నవ్వలేదు. వాడుక భాష కోసం జీవితం ధారపోసిన గిడుగు రామమూర్తి గారు మన ఉత్తరాంధ్ర మనిషి. అయినా మన పిల్లలు సొంత యాసలో మాట్లాడి గౌరవం పొందే చోటు ఎంత అరుదో చూడండి.

సభ తీర్పు ఏమిటంటే, నేను తప్పు చేశాను. వాడు సరే అనేవరకూ పక్కన కూర్చుని ఆ సామాను మళ్లీ విడదీయడానికి సాయం చేయాలి. నాకు వ్యతిరేకంగా ఓటు వేసినవాళ్లలో నా తోటి టీచర్లు కూడా ఇద్దరున్నారు.

నేను ఆ అబ్బాయి ఎదుగుదల మొదలైన రోజు ఏదంటే ఆ శనివారమే అంటాను. సైకిలు విప్పిన రోజు కాదు. ఒక పెద్దమనిషి తప్పు చేసిందని తనకు అనిపించింది, ఆ మాట గొంతు విప్పి చెప్పాడు, ఆకాశం ఊడిపడలేదు. పైగా ఆ పెద్దమనిషి సోమవారం పొద్దున వచ్చి తన పక్కన కింద కూర్చుంది. స్వేచ్ఛ అనగానే మనకు పిల్లల్ని వాళ్ల మానాన వదిలేయడం గుర్తొస్తుంది. వదిలేసి ఉంటే ఐదు నెలల పడక తప్ప ఇంకేమీ జరిగేది కాదేమో. వాడిని లేపింది వాడి మాటకు విలువ కట్టిన ఆ సభ.

ఈ మధ్యలో ఒకరి గురించి చెప్పాలి. పోలండ్ దేశంలో యానుష్ కోర్చాక్ అని పిల్లల డాక్టరు ఉండేవారు. 1912లో వార్సా నగరంలో పేద యూదు పిల్లల అనాథాశ్రమం బాధ్యత తీసుకున్నారు. అక్కడ పిల్లల కోర్టు పెట్టారు. న్యాయమూర్తులు పిల్లలే. ఆ కోర్టు నియమావళిలో మొదటి 99 సెక్షన్లూ క్షమించడం గురించే. పిల్లలకు తోటి పిల్లల్ని ఎలా క్షమించాలో ముందు నేర్పాలని ఆయన ఉద్దేశం. ఆయన కూడా ఆ కోర్టు ముందు నిలబడ్డారు. ఆరు నెలల్లో ఐదుసార్లు తన మీద తానే కేసు పెట్టుకున్నానని రాసుకున్నారు. ఒక పిల్లవాడి చెవి మీద కొట్టినందుకు ఒకటి, ఒక అమ్మాయిని దొంగతనం చేశావేమోనని అనుమానించినందుకు ఇంకొకటి. 1942 ఆగస్టులో నాజీలు ఆ ఆశ్రమంలోని సుమారు 200 మంది పిల్లల్ని ట్రెబ్లింకా మరణ శిబిరానికి తరలించినప్పుడు, తప్పించుకునే దారి ఉన్నా కాదని, పిల్లల చేతులు పట్టుకుని వాళ్లతోపాటే వెళ్లారు. సభలో నిలబడి కోపం తెచ్చుకున్న ఆ రాత్రి నేను ఆయన గురించి చదివాను. తర్వాత పుస్తకంలో నా పేరు ఇంకో మూడుసార్లు వచ్చింది. ఒకసారి నేనే రాసుకున్నాను.

సోమవారం సంగతి చెబుతున్నాను కదా. ఇద్దరం కింద కూర్చుని గోళీలు విడదీస్తున్నాం. వెనక చక్రం గోళీలు ముందువాటి కంటే కాస్త పెద్దవి. వాడు బొటనవేలు, చూపుడువేలు మధ్య దొర్లించి చెప్పేస్తున్నాడు. నేను రెండు తప్పు పెట్టాను, వెంటనే పట్టుకున్నాడు. 'ఎంత పెద్దవో ఎలా తెలుస్తుంది, స్కేలుతో రాదు కదా?' అన్నాడు. మిల్లీమీటరులో పదో వంతు కూడా కొలిచే పరికరం, వెర్నియర్ కాలిపర్స్ అని ఒకటుంటుందన్నాను. మర్నాడు నా పాత సామానులో ఉన్నది తెచ్చాను. ఇంటర్ పిల్లలకు నేను చూపించేటప్పుడు చాలామంది రికార్డు కోసం రీడింగు రాసి పక్కన పెట్టేసేవారు. వీడు ఆ రోజంతా దాన్ని వదల్లేదు. గోళీలు, నట్లు, తన గోరు మందం, జీడిగింజ, అధ్యక్షురాలి గాజు, అన్నీ కొలిచాడు.

సైకిలు మళ్లీ బిగించాక ఇంకో ప్రశ్న పుట్టింది. పెడల్ ఒక్క చుట్టు తిప్పితే సైకిలు ఎంత దూరం వెళ్తుంది? పెడల్ దగ్గరుండే చైన్‌వీలు పళ్లు లెక్కపెట్టాడు, 44. వెనక చక్రానికుండే చిన్న పళ్లచక్రం, ఫ్రీవీలుకి 18. నలభై నాలుగుని పద్దెనిమిదితో భాగిస్తే 2.44. అంటే పెడల్ ఒకసారి తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర సార్లు తిరుగుతుంది. చక్రం 28 అంగుళాలు, చుట్టుకొలత సుమారు 2 మీటర్ల 23 సెంటీమీటర్లు. గుణిస్తే 5 మీటర్ల 46 సెంటీమీటర్లు రావాలి. తోట దారిలో సుద్దముక్కతో గీత గీసి, తను ఎక్కి ఒక్క చుట్టు తొక్కాడు. టేపు పెడితే 5 మీటర్ల 38. మళ్లీ తొక్కాడు. మళ్లీ అదే.

ఎనిమిది సెంటీమీటర్ల తేడా. నేను అలవాటుగా 'కొలతలో ఆమాత్రం తేడా ఉంటుందిలే' అన్నాను. వాడు ఒప్పుకోలేదు. రెండు రోజులు ఆ తేడా పట్టుకుని తిరిగాడు. మూడో రోజు పొద్దున్నే వచ్చి, సైకిలు ఎక్కకుండా చేత్తో నడిపిస్తూ కొలిచాడు, దూరం పెరిగింది. అప్పుడు వాడు నా వైపు తిరిగిన తిరుగుడు నేను మర్చిపోలేను. "అక్కా, నేనెక్కితే టైరు నొక్కుకుపోతంది. అప్పుడు చక్రం చిన్నదైపోతంది!" అన్నాడు. బరువు పడితే ఇరుసు నుంచి నేలకి దూరం తగ్గుతుంది, వ్యాసార్థం తగ్గితే చుట్టుకొలతా తగ్గుతుంది. ఎవరూ చెప్పలేదు వాడికి. మేడం అనడం మానేసి అక్కా అనడం కూడా ఆ రోజే మొదలైంది. వాడు గమనించలేదు, నేను గమనించాను.

ఇక్కడితో ఆపేస్తే చాలా ముచ్చటైన కథ. కానీ తర్వాత రెండేళ్లు అంత సాఫీగా నడవలేదు.

వాడు పనిముట్ల కోసం 3,200 రూపాయలు కావాలని సభలో పెట్టాడు. ఓడిపోయాడు. అనుకూలం 14, వ్యతిరేకం 19. లైబ్రరీ పుస్తకాలకే డబ్బు చాలడం లేదని ఎనిమిదేళ్ల పిల్ల ఒకతి లేచి గట్టిగా మాట్లాడింది. వాడు వెళ్లి జీడిచెట్ల కింద ఏడ్చాడు. రెండు రోజులు బడికి రాలేదు. నేను వెళ్లి ఓదార్చి, పెద్దవాళ్లం నలుగురం చందా వేసుకుని కొనిచ్చేద్దామా అని నిజంగానే ఆలోచించాను. తోటి టీచరు ఒకాయన ఆపారు. 'వాడి ఓటమి వాడికి ఉండనివ్వండి' అన్నారు. మూడు వారాల తర్వాత వాడు ఇంకో కాగితంతో వచ్చాడు. ఈసారి 1,850. ఏ పానా ఎంత, కంచరపాలెంలో ఎంత, పూర్ణా మార్కెట్‌లో ఎంత, రాసి తెచ్చాడు. బడి పిల్లల సైకిళ్లు ఉచితంగా బాగుచేస్తాను, చుట్టుపక్కల వాళ్లవి డబ్బు తీసుకుని చేసి సగం లైబ్రరీకి ఇస్తాను అన్నాడు. ఆ ఎనిమిదేళ్ల పిల్ల దగ్గరికి ముందే వెళ్లి మాట్లాడాడట. ఆమె అనుకూలంగా చెయ్యెత్తింది.

ఇంకోసారి ఫిర్యాదులు విచారించే కమిటీలో వాడి వంతు వచ్చింది. మా దగ్గర అది వంతులవారీగా అందరికీ వస్తుంది. విచారణకు వచ్చింది వాడి ప్రాణస్నేహితుడు, చిన్నపిల్లవాడి డబ్బాలోంచి డబ్బులు తీశాడని. తప్పుకుంటానని నా దగ్గరికి వచ్చాడు. 'ఏం చేద్దామనుకుంటున్నావు?' అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. మొదటి రోజుల్లో అయితే ఆ ప్రశ్నకి నా ముఖంలో జవాబు వెతికేవాడు. ఈసారి నేల చూస్తూ ఆలోచించాడు. చివరికి కూర్చున్నాడు. తీశాడని తేల్చాడు, తిరిగి ఇమ్మన్నాడు. తర్వాత స్నేహితుడితో కలిసి రోజూ బస్సులో వెళ్లాడు. మొదటి వారం ఆ స్నేహితుడు ఒక్క మాట మాట్లాడలేదట. అయినా పక్క సీట్లోనే కూర్చున్నాడు. పరీక్షలో మార్కులు వేయడానికి వీలులేని ఎదుగుదల ఇది. నేను దీన్ని సైకిలు లెక్క కంటే పెద్దదిగా చూస్తాను.

ఇప్పుడు మీ అందరి మనసులో ఉన్న ప్రశ్న. మరి పదో తరగతి?

పద్నాలుగున్నరకి వాడే తెచ్చాడు ఆ మాట. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదవాలి, దానికి టెన్త్ కావాలి, ఎలా అని. ఓపెన్ స్కూల్ ద్వారా రాయొచ్చని చెప్పాం. జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ 1989 నుంచి ఉంది, పద్నాలుగేళ్లు నిండితే చాలు. లెక్కలు, సైన్సు కష్టం కాలేదు. తెలుగు చేతిరాతకి చాలా కష్టపడ్డాడు. రోజూ రెండు పేజీలు రాసి నాకు చూపించేవాడు. ఏ స్టడీ అవర్‌లోనూ నేను చూడని పట్టుదల అది. అయినా సోషల్ పోయింది. ఫలితం వచ్చిన రోజు వాళ్ల నాన్నగారు ఫోను చేస్తే నాకు మాట రాలేదు. ఆయనే అన్నారు, "పర్లేదమ్మా, మళ్లీ రాస్తానన్నాడు. ఎలా చదవాలో కాగితం మీద రాసుకున్నాడు" అని. రెండోసారి పాసయ్యాడు. ఇప్పుడు పాలిటెక్నిక్ మొదటి సంవత్సరం.

ఇలాంటి బళ్ల నుంచి బయటికి వెళ్లిన పిల్లలు ఏమవుతారని అడుగుతారు. సడ్‌బరీ వ్యాలీ పూర్వ విద్యార్థుల మీద పీటర్ గ్రే, డేవిడ్ చానాఫ్ 1986లో ఒక అధ్యయనం ప్రచురించారు. పై చదువులు కావాలనుకున్నవాళ్లు పెద్ద ఇబ్బంది లేకుండానే చదువుకున్నారని, రకరకాల వృత్తుల్లో స్థిరపడ్డారని తేలింది. కానీ అది ఒక్క బడి. అక్కడికి ఏరికోరి వచ్చిన కుటుంబాలు. దాన్ని చూపించి మీకు హామీ పత్రం రాసివ్వలేను. మా బడిలోనే ఇద్దరు పిల్లలు ఏడాది తర్వాత వెళ్లిపోయారు. అందులో ఒక పాపకి అక్షరాలు తిరగబడి కనిపించే ఇబ్బంది ఉంది. అడిగే వరకూ ఆగుదాం అని మేం ఆగిపోయాం. ఆగకూడదు. అలాంటి చోట పెద్దవాళ్లే ముందుగా చెయ్యి అందించాలి. అది మా తప్పు, ఆ పాపకి ఏడాది పోయింది.

ఇంకో మాట నన్ను నిద్రపోనివ్వలేదు. జాలారిపేటలో ఒకసారి ఇదంతా చెబితే, వేట నుంచి వచ్చి వల బాగుచేసుకుంటున్న ఒక తండ్రి తల ఎత్తకుండానే అన్నాడు. "మీవోళ్లకి సదువు అబ్బకపోయినా ఇల్లుంటది, ఉజ్జోగం సూసే మావయ్యలుంటారు. మావోడికి ఆ టెన్తే ఆస్తి. ఆడు ఏడాది ఖాళీగా కూకుంటే ఆ ఏడాది మాకు మళ్లీ రాదు." నేను మారు మాట్లాడలేదు. మా బడికి ఫీజు ఉంది. ఫీజు కట్టగలిగిన వాళ్లకే ఖాళీ కాలం దొరుకుతోందంటే అది న్యాయం కాదు.

అందుకే కోర్చాక్ నాకు అంత దగ్గరివాడు. ఆయన కోర్టు పెట్టింది వీధిలో పుట్టిన పేదపిల్లలతో. అంటే సభ పెట్టుకోవడానికి జీడితోట అక్కర్లేదు. టైంటేబుల్ తీసేయక్కర్లేదు. పద్మనాభం వైపు ఒక ప్రభుత్వ పాఠశాలలో నా స్నేహితురాలు ఎనిమిదో తరగతి పిల్లలతో శుక్రవారం ఆఖరి పీరియడ్ సభ నడుపుతోంది. గోడకి పుస్తకం వేలాడదీసింది. అందులో పడిన మొదటి ఫిర్యాదు ఏమిటో తెలుసా? ఆడపిల్లల మరుగుదొడ్డికి లోపలి గడియ లేదని. మూడేళ్లుగా లేదు. ఎవరికి చెప్పాలో తెలియక, ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు తలుపు పట్టుకుని నిలబడేవారు. సభలో చర్చించి, ఇద్దరు అమ్మాయిలు కాగితం రాసుకుని పాఠశాల యాజమాన్య కమిటీ ముందుకు వెళ్లారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఆ తల్లులు విన్నారు. వారంలో గడియ వచ్చింది. ఆ ఇద్దరిలో ఒకమ్మాయి అంతకుముందు క్లాసులో హాజరు పలకడానికి కూడా గొంతు పెగలని పిల్ల. పిల్లలకు సంబంధించిన విషయాల్లో వాళ్ల మాట వినాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం చెబుతోంది. 1992లో మన దేశం దాన్ని ఆమోదించింది. ముప్పై ఏళ్లు దాటింది. మన ఇళ్లలో, మన క్లాసుల్లో వారానికి ఒక అరగంట ఆ పని మొదలుపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

టీచర్లు ఉన్నారు కాబట్టి ఒక జాగ్రత్త చెబుతాను. పుస్తకం వేలాడదీస్తే అందులో మీ పేరు వస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు పిల్లలంతా మీ ముఖమే చూస్తారు. మీరు చిరాకుపడితే ఆ పుస్తకంలో ఇక ఎవరూ రాయరు. రాయకపోవడాన్ని చూసి సమస్యలు లేవనుకుంటాం.

మా బడి చూడ్డానికి రావచ్చా అని బయట ఇద్దరు ముగ్గురు అడిగారు. నేను రమ్మంటే కుదరదు, దానికీ సభ ఒప్పుకోవాలి. ఎందుకు రావాలనుకుంటున్నారో రాసి, అధ్యక్షురాలి పేరున ఒక ఉత్తరం పంపండి. ఈ ఏడాది అధ్యక్షురాలికి పదకొండేళ్లు. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ శనివారం సభలో లేచి నిలబడి చదువుతుంది. అర్థం కాని మాటలుంటే అక్కడే ఆగిపోయి అందరినీ అడుగుతుంది. అందుకని కాస్త తేలిక తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయండి. ఓటింగ్ అయ్యాక జవాబు తనే రాస్తుంది.